పెళ్లి క్యాసెట్టు, కొత్త టీవీ – మధ్యన ఓ చిన్న పెట్టె

ఇల్లు సర్దుతుంటే అటక మీంచి ఒక క్యాసెట్టు దిగుతుంది. అట్ట మీద ఇద్దరి పేర్లు, పెళ్లి తేదీ, కింద ఫొటో స్టూడియో ముద్ర. దుమ్ము తుడిచి చేతిలోకి తీసుకున్నాక ఇక కింద పెట్టబుద్ధి కాదు. అందులో మీ అమ్మగారు ఉన్నారు, తాంబూలాలు సర్దుతూ. మీ మామగారున్నారు, కండువా సవరించుకుంటూ. ఇవాళ మన మధ్య లేనివాళ్లు అందులో నడుస్తారు, నవ్వుతారు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తారు. ఆల్బమ్‌లో ఫొటోలు ఎన్నయినా ఉండవచ్చు. కానీ మనిషి నడకా, మెడ తిప్పి చూసే తీరూ, గొంతూ దొరికేది ఆ క్యాసెట్టులోనే.

పాత వీసీపీ కూడా అటక మీదే ఉంది. హాల్లో గోడకి కొత్త టీవీ ఉంది. కానీ ఈ రెంటికీ పొత్తు కుదరదు. వీసీపీ వెనక గుండ్రటి సాకెట్లు, టీవీ వెనక బల్లపరుపు రంధ్రాలు. పిల్లల్ని అడిగితే "పాత సామానమ్మా, పారేయ్" అంటారు. ఆయన్ని అడిగితే "ఆదివారం చూద్దాంలే" అంటారు. ఆ ఆదివారం ఎన్నటికీ రాదు.

అందుకని ఈ వారం ఆ పని మనమే చేసుకుందాం. గ్యాస్ రెగ్యులేటరు మార్చడం, మిక్సీ జారు బిగించడం వచ్చిన చేతులకి ఇది ఏమంత కష్టం కాదు. కావలసిందల్లా కన్వర్టర్ అనే అరచేతిలో పట్టే పెట్టె, కాస్త ఓపిక.

ఈ పెట్టె చేసే పని ఏమిటి?

మన పాత వీసీపీ బొమ్మని అలల రూపంలో, ఒకే తీగ మీద పంపుతుంది. పసుపు పిన్ను బొమ్మకి, తెలుపు ఎడమవైపు శబ్దానికి, ఎరుపు కుడివైపు శబ్దానికి. కొత్త టీవీలో ఉన్నది హెచ్‌డీఎంఐ అనే సాకెట్. 2002లో రూపొందిన ఈ పద్ధతిలో బొమ్మా, శబ్దమూ అంకెల రూపంలో ఒకే కేబుల్లో వస్తాయి. ఒకరిది ఒక భాష, ఇంకొకరిది మరో భాష. మధ్యన దుబాసీ కావాలి. ఆ దుబాసీయే ఈ కన్వర్టర్.

ఇది మాట మార్చడంతో ఊరుకోదు, బొమ్మ కొలత కూడా పెంచుతుంది. దాన్నే స్కేలింగ్ అంటారు. మనకి బాగా తెలిసిన చుక్కల ముగ్గుతో పోల్చి చూద్దాం. మనదేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు ఎంచుకున్నది పాల్ పద్ధతి. అందులో బొమ్మని 625 అడ్డగీతలుగా విడదీస్తారు, కంటికి కనబడేవి 576. అంకెల్లోకి మార్చేటప్పుడు ఒక్కో గీతని 720 చుక్కలుగా లెక్కిస్తారు. అంటే మొత్తం 4,14,720 చుక్కలు. మీ కొత్త టీవీ ఫుల్ హెచ్‌డీ అయితే, దాని తెరలో నిలువున 1,080 వరసలు, అడ్డంగా 1,920 చుక్కలు, వెరసి 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. అదే 4కే టీవీ అయితే 82,94,400, అంటే ఇరవై రెట్లు!

చిన్న వాకిలికి వేసిన ముగ్గుని దేవాలయం ముంగిట పరిచినట్టన్నమాట. మధ్యలో లేని చుక్కల్ని ఎక్కణ్నుంచి తేవాలి? పక్క చుక్కల రంగు చూసి, 'ఇక్కడ ఇది ఉండి ఉండాలి' అని పెట్టె లెక్క కట్టి నింపుతుంది. అంతేగాని కొత్తగా చూసి పెట్టేదేమీ లేదు. కెమెరా ఆనాడు చూడని పట్టుచీర జరీ గీత ఈనాడు రమ్మంటే రాదు. పైగా మన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఆ 720 చుక్కల వివరం కూడా పట్టుకోలేదు, దాని శక్తి అందులో సగానికంటే తక్కువే. దుకాణంలో "దీనితో పాత క్యాసెట్టు హెచ్‌డీ అయిపోతుందండీ" అంటే నమ్మకండి. గరిటెడు పిండిని పెద్ద పెనం మీద పరిస్తే అట్టు పలచనవుతుంది గాని పిండి పెరగదు కదా!

కొనే ముందు టీవీ వీపు చూడండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు టీవీ వెనకా, పక్కనా చేత్తో తడిమి, టార్చి వేసి చూడండి. కొన్ని కొత్త టీవీలకి కూడా ఎరుపు, తెలుపు, పసుపు సాకెట్లు ఉంటాయి. మరికొన్నింటికి 'ఏవీ ఇన్' అని రాసి, ఇయర్‌ఫోన్ పెట్టుకునేలాంటి చిన్న గుండ్రటి రంధ్రం ఒకటే ఉంటుంది. అలా ఉంటే కన్వర్టర్ అక్కర్లేదు. ఒక కొసన ఒకే పిన్ను, రెండో కొసన మూడు రంగుల సాకెట్లు ఉండే తీగ చాలు. ఈ తీగల్లో లోపలి అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది. పసుపులో బొమ్మ రాకపోతే తెలుపులో, ఎరుపులో పెట్టి చూడండి. అలా మార్చి చూసినందువల్ల నష్టమేమీ లేదు.

ఇవేమీ లేకపోతేనే కన్వర్టర్ కొనాలి. కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల, మీ ఊళ్లో అయితే టీవీ సామాన్లు అమ్మే కొట్లలో అడగండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. చూడడానికి ఒకేలా ఉండే పెట్టెలు రెండు రకాలున్నాయి. ఒకటి పాత వీసీపీ బొమ్మని కొత్త టీవీకి ఇచ్చేది, పేరు 'ఏవీ 2 హెచ్‌డీఎంఐ'. రెండోది కొత్త సెట్‌టాప్ బాక్సు బొమ్మని పాత టీవీకి ఇచ్చేది, పేరు 'హెచ్‌డీఎంఐ 2 ఏవీ'. పేరులో మాటలు అటూ ఇటూ అయ్యాయంతే, పని మాత్రం పూర్తిగా తలకిందులు. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. 'మా ఇంట్లో పాత వీసీపీ ఉంది, టీవీ కొత్తది' అని స్పష్టంగా చెప్పి అడగండి. పెట్టె మీద స్విచ్చు కూడా చూడండి. సాధారణంగా మనకి కావలసిన దాని మీద 720, 1080 అని ఉంటుంది. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే అది రెండో రకం. మూడు గుండ్రటి సాకెట్ల పక్కన 'ఇన్‌పుట్' అనీ, హెచ్‌డీఎంఐ పక్కన 'అవుట్‌పుట్' అనీ ఉండాలి.

4:3, 16:9 అని మార్చుకునే స్విచ్చు ఉన్న పెట్టె దొరికితే ఇంకాస్త పెట్టి అదే తీసుకోండి. ఎందుకో కిందన చెబుతాను. హెచ్‌డీఎంఐ కేబులు చాలా పెట్టెలతో రాదు, విడిగా కొనాలి.

క్యాసెట్టు పెట్టే ముందు

తొందరపడి ఆ పెళ్లి క్యాసెట్టుని వీసీపీలో తోసేయకండి. ఏళ్ల తరబడి అటక మీదున్న మిషను. లోపలి రబ్బరు బెల్టులు ఎండి ఉంటాయి, టేపుని నమిలేసినా నమిలేస్తుంది. కింద దించాక ఒకరోజు పొడిగా ఉన్న గదిలో ఉంచండి, వానాకాలమైతే ఇది మరీ ముఖ్యం. ఆ తరవాత పోయినా బాధలేని పాత సినిమా క్యాసెట్టు ఏదైనా పెట్టి అరగంట ఆడించండి. ముందుకీ వెనక్కీ తిప్పి చూడండి. టేపు నలగకుండా బయటికి వస్తేనే అసలుది పెట్టాలి. మిషను మొరాయిస్తే తెలిసిన మెకానిక్‌కి చూపించండి. జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ మానేశాక కొత్తవి రావడం ఆగిపోయింది. ఉన్న మిషన్ని కాపాడుకోవలసిందే.

ఇప్పుడు క్యాసెట్టుని వెలుతురులో పెట్టి, కిటికీలాంటి ప్లాస్టిక్ అద్దంలోంచి టేపు చుట్టని చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మంచిదే. తెల్లటి పొడి గాని, ఆవపిండి రంగు మచ్చలు గాని ఉంటే అది బూజు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఎక్కువ. బూజు పట్టిన క్యాసెట్టుని ఆడించకండి. టేపూ పాడవుతుంది, మిషను లోపలి హెడ్డుకి అంటి తరవాత పెట్టిన క్యాసెట్లకీ పాకుతుంది. పాత క్యాసెట్లు శుభ్రం చేసి కాపీ చేసిచ్చేవాళ్లకే అప్పగించండి.

ఇంకొక్క జాగ్రత్త. క్యాసెట్టు లేబులు అంటించే అంచున, ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. అది ఉన్నంతకాలం ఆ క్యాసెట్టు మీద మళ్లీ రికార్డు చేయవచ్చు. మీది రికార్డింగ్ ఉన్న వీసీఆర్ అయితే, ఎవరో తెలియక ఎర్ర మీట నొక్కితే తలంబ్రాల మీద నల్లతెర పడుతుంది. స్క్రూడ్రైవరుతో ఆ పలుకుని విరిచేయండి. ఆ తరవాత ఎవరు నొక్కినా రికార్డు కాదు.

బిగించే వరస

1. వీసీపీ, టీవీ రెండూ ఆపి, ప్లగ్గులు తీసేయండి.

2. వీసీపీ వెనక 'ఆడియో అవుట్', 'వీడియో అవుట్' అని రాసి ఉన్నచోట తీగలు పెట్టండి. 'ఇన్' అన్న చోట కాదు సుమా! పసుపు వీడియోకి. చాలా వీసీపీలకి శబ్దానికి ఒకే సాకెట్ ఉంటుంది. అప్పుడు తెలుపు పిన్ను అందులో పెట్టి, ఎరుపుని ఖాళీగా వదిలేయండి.

3. ఆ తీగల రెండో కొసలని కన్వర్టర్‌లో రంగుకి రంగు కలిపి పెట్టండి.

4. కన్వర్టర్ రెండో వైపు నుంచి హెచ్‌డీఎంఐ కేబులుని టీవీకి కలపండి. టీవీ మీద ఆ సాకెట్ పక్కన 1, 2, 3 అని అంకె ఉంటుంది. గుర్తుపెట్టుకోండి.

5. కన్వర్టర్‌కి కరెంటు కావాలి. దానితో వచ్చిన సన్న తీగని 5 వోల్టుల సెల్‌ఫోన్ ఛార్జరుకి పెట్టవచ్చు, టీవీ యూఎస్‌బీ సాకెట్‌కీ పెట్టవచ్చు. టీవీకి పెట్టినప్పుడు బొమ్మ వచ్చీ పోతూ ఉంటే ఛార్జరుకి మార్చండి. పెట్టె కొద్దిగా వెచ్చబడితే కంగారు పడకండి, మామూలే.

6. టీవీ వేసి, రిమోట్ మీద 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' నొక్కి, ఇందాకటి హెచ్‌డీఎంఐ అంకె ఎంచుకోండి. నీలం తెర వస్తే పెట్టె బతికే ఉందన్నమాట.

7. ఇప్పుడు వీసీపీలో ప్లే నొక్కండి. పెట్టె మీది స్విచ్చు 1080లో ఒకసారి, 720లో ఒకసారి పెట్టి చూడండి. 720లో పెడితే కొంత పని పెట్టె చేసి, మిగతాది టీవీ చేస్తుంది. మీ కంటికి ఏది నచ్చితే అది ఉంచుకోండి. ఎక్కువ అంకె ఉన్నదే మంచిదన్న నియమమేమీ లేదు.

ముఖాలు ఉబ్బి కనబడుతున్నాయా?

బొమ్మ రాగానే అందరూ అనే మాట, "అదేమిటి, అమ్మ ఇంత లావుగా ఉందేమిటి?" అని. అమ్మ లావు కాదండీ. పాత టీవీ తెర వెడల్పు, ఎత్తు 4కి 3 పాళ్లలో ఉండేది. కొత్త టీవీది 16కి 9. ఈ పెట్టెల్లో చాలావరకు పాత బొమ్మని తెరంతా పరిచేస్తాయి. అందువల్ల ప్రతి మనిషీ వెడల్పులో మూడో వంతు పెరుగుతారు. తాళిబొట్టు బిళ్లలు గారెల్లాగా, మూడు గజాల పందిరి నాలుగు గజాలుగా కనబడతాయి.

దీనికి మందు మీ రిమోట్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో పిక్చర్ అన్నచోట 'యాస్పెక్ట్ రేషియో' గాని, 'పిక్చర్ సైజ్' గాని ఉంటుంది. అందులో 4:3 ఎంచుకోండి. బొమ్మ మధ్యకి వచ్చి, అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. మనుషులు మనుషుల్లా కనబడతారు. కొన్ని టీవీల్లో హెచ్‌డీఎంఐకి ఈ మార్పు ఉండదు. స్విచ్చు ఉన్న పెట్టె కొనమన్నది అందుకే.

"అంత పెద్ద టీవీ కొని పక్కన నల్లగా వదిలేస్తావా?" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వదిలేయండి. నిండిన తెర కన్నా నిజమైన ముఖం మేలు. మనవలు ముత్తమ్మమ్మని మొదటిసారి చూసేది ఇందులోనే. ఆవిడ ఎలా ఉండేదో అలాగే చూడాలి కదా!

అలాగే టీవీలో 'వివిడ్', 'డైనమిక్' లాంటి రంగుల హంగు తీసేసి 'స్టాండర్డ్' గాని, 'సినిమా' గాని పెట్టండి. 'షార్ప్‌నెస్' బాగా తగ్గించండి. పాత బొమ్మకి పదును పెంచితే గీతలూ, మరకలే పదునెక్కుతాయి. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకొని కూర్చుంటే బొమ్మ మరింత నిండుగా ఉంటుంది.

ఎవరైనా గబగబా నడిచినప్పుడు వాళ్ల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనబడవచ్చు. అది క్యాసెట్టు లోపం కాదు. పాత పద్ధతిలో ముందు బేసి గీతలు, తరవాత సరి గీతలు వేసి, అలా సెకనుకి 25 బొమ్మలు చూపేవారు. రెండు సగాలనీ కలిపి కుట్టేటప్పుడు చవక పెట్టెలు కుట్టు పైకి కనబడేలా కుడతాయి.

బొమ్మ రాకపోతే

శబ్దం వస్తోంది, బొమ్మ లేదంటే పసుపు పిన్ను సరిగా దిగలేదని అర్థం. గట్టిగా నొక్కి చూడండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే తెలుపు పిన్ను చూడండి.

బొమ్మ ఉండుండి నీలమైపోతోందా? పాత పిక్చర్ ట్యూబు టీవీలు అత్తగారిలాంటివి, కాస్త వణికినా, తడబడినా సర్దుకుపోయేవి. ఈ కన్వర్టర్ అలా కాదు. టేపు బొమ్మ లయ కాస్త తప్పగానే చేతులెత్తేసి నీలం తెర చూపిస్తుంది. టేపు చెరిగిపోయిందని గుండెలు బాదుకోకండి. వీసీపీ మీద 'ట్రాకింగ్' అని ఉన్న మీటని మెల్లగా అటూ ఇటూ జరపండి. అప్పటికీ కుదరకపోతే హెడ్డు మురికి పట్టి ఉండవచ్చు, మెకానిక్ చేత తుడిపించండి. ఇంట్లో దూదితో మనం తుడవడం వద్దు, హెడ్డు మహా సున్నితం.

టేపు లోపల ఇరుక్కుంటే బలంగా లాగకండి. కరెంటు తీసి అలాగే మెకానిక్ దగ్గరికి పంపండి. తెగిన టేపుని మామూలు సెల్లోటేపుతో అతికించకండి. ఆ జిగురు హెడ్డుకి అంటి మిషనే పాడవుతుంది.

అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్టయితే

ఇదొక ప్రత్యేకమైన చిక్కు. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న అన్నయ్యో, ఆడపడుచో పంపిన సీమంతం క్యాసెట్టు మన వీసీపీలో పెడితే బొమ్మ రంగు లేకుండా దొర్లిపోయేది గుర్తుందా? అక్కడి పద్ధతి మనది కాదు. ఎన్‌టీఎస్‌సీ అంటారు, 525 గీతలు, సెకనుకి సుమారు 30 బొమ్మలు. కన్వర్టర్ పెట్టెలు సాధారణంగా రెండు పద్ధతులూ తీసుకుంటాయి. కానీ ముందు వీసీపీ దాన్ని చదవాలి కదా! మల్టీ సిస్టమ్ మిషనుకే అది సాధ్యం. గల్ఫ్ నుంచి తెచ్చుకున్న వీసీఆర్లలో ఇలాంటివి చాలా ఉండేవి. దుబాయిలోనో, కువైట్‌లోనో పనిచేసి వచ్చిన చుట్టాలింట్లో అడిగి చూడండి. అటక మీద ఉండే ఉంటుంది.

ఆడిన రోజే కాపీ

ఇన్ని చెప్పాను గాని, అసలు చెప్పదలుచుకున్నది ఇదీ. కన్వర్టర్ బొమ్మని చూపిస్తుందే తప్ప దాచిపెట్టదు. టేపు మాత్రం పెట్టెలో ఉన్నా వయసు మీద పడుతూనే ఉంటుంది, ఆడించిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. జపాన్‌లో 1976లో వచ్చిన వీహెచ్‌ఎస్ పద్ధతి అది. ఆ క్యాసెట్టు మీ ఇంటి పిల్లలు పుట్టకముందుది. కాబట్టి "ముందు అందరం కూచుని చూద్దాం, కాపీ సంగతి తరవాత" అనుకోకండి. బొమ్మ బాగా వస్తోందని తేలగానే మొదట కాపీ చేయండి, తరవాత ఆ కాపీనే ఎన్నిసార్లయినా చూడండి.

కాపీకి కన్వర్టర్ అక్కర్లేదు. అవే మూడు రంగుల పిన్నులని తీసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించే 'వీడియో క్యాప్చర్' అనే చిన్న పుల్లలాంటి పరికరం వేరే దొరుకుతుంది. దాంతో బొమ్మ 4:3 లోనే తీసుకోవచ్చు. అందులో త్వరగా చేసే దారి లేదు. మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలూ పడుతుంది. మధ్యాహ్నం వంటయ్యాక పెట్టి మీ పని చూసుకోండి. మధ్య మధ్య ఓ కన్నేసి ఉంచితే చాలు. డీవీడీ నాణ్యతలో గంటకి సుమారు 2 జీబీ అవుతుంది. కొన్ని పెన్‌డ్రైవ్‌లు 4 జీబీ మించిన ఫైలుని తీసుకోవు గనక గంటకొక ఫైలుగా విడదీయండి.

కంప్యూటర్ లేకపోతే కాపీ చేసిచ్చే దుకాణాలున్నాయి. ఇచ్చేటప్పుడు క్యాసెట్టు మీద మీ పేరూ, ఫోను నెంబరూ రాయండి. 'అసలు క్యాసెట్టు కూడా తిరిగి కావాలి' అని గట్టిగా చెప్పండి. ఏదీ కుదరని పరిస్థితిలో, కన్వర్టర్‌తో వచ్చిన బొమ్మని సెల్‌ఫోను కదలకుండా ఆనించి తీసుకున్నా ఏమీ లేనిదానికన్నా నయమే.

కాపీ రెండు చోట్ల ఉండాలి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలింట్లోనో, మరిదిగారింట్లోనో. అప్పుడు ఏ వరదో, చెదలో, పాడైన పెన్‌డ్రైవో మీ జ్ఞాపకాన్ని ఎత్తుకుపోలేదు. కాపీ అయ్యాక కూడా అసలు క్యాసెట్టుని పారేయకండి. టేపుని మొదటికి తిప్పి, పెట్టెలో పుస్తకంలా నిలబెట్టి, స్పీకర్లకీ అయస్కాంతాలకీ దూరంగా, అటక మీద కాకుండా బీరువాలో ఉంచండి.

ఇంకో పని, ఇది మీరు మాత్రమే చేయగలిగినది. చాలా పెళ్లి క్యాసెట్లలో స్టూడియోవాళ్లు అసలు మాటలు తీసేసి సినిమా పాటలు కలిపారు. ఎక్కడో జీలకర్ర బెల్లం దగ్గరో, అప్పగింతల దగ్గరో కొద్ది నిమిషాలు మాత్రం అసలు గొంతులు మిగిలి ఉంటాయి. అవి ఎన్నో నిమిషంలో వస్తాయో ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే కనబడే మనుషుల పేర్లూ, వరసలూ రాయండి. పసుపు చీర కట్టుకున్నావిడ మేనత్త, తలపాగా పెట్టుకున్నాయన నాన్న చిన్ననాటి స్నేహితుడు అని. అది తెలిసినవాళ్లు ఇంట్లో ఏటేటా తగ్గిపోతున్నారు. పెద్దావిడ ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఏ పెట్టే, ఏ మిషనూ ఆ పేర్లు చెప్పలేదు.

పాత టీవీ ఉన్నవాళ్లకి ఒక మాట

మీ ఇంట్లో పిక్చర్ ట్యూబు టీవీ ఇంకా చక్కగా పనిచేస్తోంది, కొత్త సెట్‌టాప్ బాక్సుకి మాత్రం హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉందంటే మీకు కావలసింది ఇందాక వద్దన్న రెండో రకం, 'హెచ్‌డీఎంఐ 2 ఏవీ'. దాని స్విచ్చు పాల్ మీద పెట్టండి. ఎన్‌టీఎస్‌సీ మీద ఉంటే బొమ్మ రంగు పోవడమో, దొర్లడమో జరుగుతుంది. ఈ పెట్టె పెద్ద ముగ్గుని చిన్నది చేస్తుంది గనక వార్తల కింద పరుగెత్తే సన్న అక్షరాలు చదవడం కష్టమవుతుంది. అది లోపం కాదు. సీరియలు చూడడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

పనయ్యాక కన్వర్టర్, తీగలు అన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి, మూత మీద 'వీసీపీ సామాను' అని రాసి పెట్టండి. ఈ వారం ఆదివారం కోసం చూడకుండా, ఏ మంగళవారం మధ్యాహ్నమో ఆ క్యాసెట్టు దించండి. ఇంటికి వచ్చిన వాళ్లందరూ హాల్లో నిలబడిపోయి చూస్తారు, మీరే చూడండి!